పగటి నిద్రకు కాపలా

ఈ మధ్య మా ఇంట్లో పొద్దున పూట కుక్కరు పెట్టడం మానేశారు. అన్నం గిన్నెలో వండి గంజి వారుస్తున్నారు. పాత కాలం తిరిగొచ్చిందని నేను సంబరపడ్డాను గానీ కారణం అది కాదట. నేను ఉంటున్నది ఖమ్మంలో మా బిడ్డ దగ్గర. దాని బిడ్డ, అంటే నా మనవరాలు, ఒక దవాఖానాలో నర్సు. ఒక వారం పొద్దటి డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం డ్యూటీ, ఇంకో వారం రాత్రి డ్యూటీ, గట్ల తిరుగుతూనే ఉంటుంది. ఈ వారం రాత్రిది పడింది. తెల్లారి వచ్చి, చెప్పులు విడిచీ విడవకముందే లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. అల్లుడు పనికి పోతాడు, ఇక మా బిడ్డా నేనూ సొంత ఇంట్లోనే దొంగతనానికి వచ్చినవాళ్ల లాగా అడుగులో అడుగు వేసుకుంటూ తిరుగుతాం. కాలింగ్ బెల్లు వైరు పీకేశారు. టీవీ బొమ్మ కదులుతుంది గానీ మాట రాదు. నాకు దగ్గొస్తే మేడ మీదికి పోయి దగ్గి రావాలని మా బిడ్డ ఆర్డరు. ఈ మోకాళ్లతో మెట్లెక్కేలోపు దగ్గు దాని దారిన అది పోతుంది, మళ్ళీ దిగేటప్పుడు వస్తుంది.

మొన్న సాయంత్రం మనవరాలు కళ్ళు ఎర్రగా చేసుకొని, చాయ్ గ్లాసు చేతిలో పట్టుకొని తాగడం మరిచిపోయి కూర్చుంటే, చూడలేక నేను నా గొప్ప చెప్పుకున్నాను. బొగ్గుబాయిలో అంత కాలం చేశాను, అన్ని షిఫ్టులు తిరిగాను, ఒక్క ఆవులింత ఎరుగను, నిద్ర అనేది నా దగ్గర జీతగాడు, రమ్మంటే వచ్చేది పొమ్మంటే పోయేది, బాయి మేనేజరే ఒకసారి నన్ను ఆఫీసు రూముకు పిలిపించి, కొత్తగా చేరిన పిల్లలకు పగటి పూట ఎట్లా నిద్రపోవాలో నేర్పమని బతిమాలాడు అన్నాను. మనవరాలు చల్లారిన చాయ్ ఒక గుక్క తాగి, "తాతా, మీ మేనేజర్ నెంబర్ ఉంటే ఇయ్యి, మా వార్డుకు పిలుస్త" అని లేచి డ్యూటీకి తయారవడానికి పోయింది.

మీలో బొగ్గుబాయి మనుషులు ఎవరైనా ఉంటే ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. సరే, ఒప్పుకుంటాను. మేనేజరు నన్ను ఆఫీసు రూముకు పిలిపించింది నిజం. పిలిపించింది నేర్పమని కాదు. బాయి లోపల దుంగకు ఆనుకొని నిలబడి, నెత్తిన లైటు వెలుగుతుండగానే నేను గురక పెడుతూ, మా పని మీద అజమాయిషీ చేసే సర్దార్‌కు దొరికిపోయాను. నిద్ర నా దగ్గర జీతగాడు కాదు, నేనే దాని ఇంటి ముందు పొద్దస్తమానం పడిగాపులు కాసే అప్పులవాణ్ణి.

మా కాలంలో కొత్తగూడెం చుట్టుపక్కల బాయి పని దొరకడమంటే పెద్ద సంగతి. నేను తిరుమలాయపాలెం వైపు నుంచి, గుంట భూమి లేని ఇంటి నుంచి వచ్చినవాణ్ణి. తట్ట, చెమ్మసు చేతికిచ్చారు. చెమ్మసు అంటే బొగ్గు ఎత్తే వెడల్పాటి పార. బొగ్గు తవ్వి టబ్బులోకి ఎత్తే పని కష్టమే గానీ, కష్టానికి భయపడే ఒళ్ళు కాదు నాది. నన్ను తిన్నది పని కాదు, వారం వారం మారే షిఫ్టు. ఒక వారం కోడి కూయకముందే పోవాలి, ఆ వేళకు లేవడం ఒంటికి అలవాటయ్యే సరికి వారం అయిపోతుంది. మరుసటి వారం అందరూ అన్నాలు తిని నడుం వాల్చే వేళకు బయలుదేరాలి. దానికి అలవాటు పడే సరికి రాత్రి షిఫ్టు. ఆకలి ఒక షిఫ్టులో ఉంటే కడుపు ఇంకో షిఫ్టులో ఉండేది. అందరి ఇళ్లలో పొయ్యి మీద పప్పు ఉడికే వాసన వచ్చే వేళకు నాకు పళ్ళు తోముకోవడం. ఒకసారి సాయంత్రం నిద్ర లేచి, పొద్దు పొడుస్తున్నదనుకొని, పొద్దటి షిఫ్టుకు ఆలస్యమైందని పరుగెత్తుకుంటూ బాయి దాకా పోయి, గేటు దగ్గర కూర్చున్న ముసలి చప్రాసీ చేత తిట్లు తిని వచ్చాను. ఆ రోజు నాకు సెలవు. మా పక్క క్వార్టర్‌లో ఒకాయన ఉండేవాడు, చుట్టం కాకపోయినా బావా అని పిలుచుకునేవాళ్ళం; ఆయన ఒక చెంప గీసుకొని, రెండో చెంప గీసుకునే లోపు కునికి, సబ్బు నురగతోనే పొద్దు గూకే దాకా నిద్రపోయాడు. కాలనీ అంతా వారం రోజులు ఆయనను సగం దొర అని పిలిచింది. నవ్వుకునేవాళ్ళం గానీ, నవ్వినవాళ్ళ కళ్ళు కూడా ఆయన కళ్ళ లాగే ఉండేవి.

పగటి నిద్ర గురించి ఎరగని వాళ్లకు చెప్తున్నాను. రాత్రంతా పని చేసినవాడికి పగలు నిద్ర వస్తుందనుకుంటారు. రాదు. ఒళ్ళు పడిపోతుంది, కళ్ళు మూతపడతాయి, లోపల మాత్రం ఎవరో దీపం ఆర్పడం మరిచిపోయినట్టు వెలుగుతూనే ఉంటుంది. ఈగ గోడ మీద వాలితే తెలుస్తుంది. నాలుగిళ్ల అవతల చెంబు కింద పడితే గుండె జల్లుమంటుంది. అందుకే మా కాలనీలో ఒక పద్ధతి ఉండేది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పడుకున్న ఇంటి గుమ్మానికి గోనెపట్టా వేలాడదీసేవాళ్ళు, ఎండాకాలమైతే నీళ్ళు చల్లి. వెలుతురు ఆగేది, చల్లదనం వచ్చేది, అంతకు మించి అది చూసిన వాళ్లకు సంగతి తెలిసేది. చేపలమ్మే ఆమె గోనెపట్టా కనబడగానే కేక మింగేసి, నాలుగు గుమ్మాలు దాటినాక మళ్ళీ అందుకునేది. గాజులాయన బండి గంట చేత్తో పట్టుకొని దాటేవాడు. ఆడవాళ్ళు కారం దంచుకోవాలంటే రోలు కాడికి పోయే ముందు, ఎవరి గుమ్మానికి పట్టా ఉన్నదో చూసుకునేవాళ్ళు. మాట్లాడుకోవలసి వస్తే చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. మగవాడు బొగ్గు కింద, ఆడది నిద్రకు కాపలా. మా బతుకు అంతే.

మా ఇంటామె ఈ కాపలాలో కాలనీకే పేరు తెచ్చుకుంది. ఆమెది జూలూరుపాడు దాటి అడివంచున ఉన్న ఒక ఊరు. ఇప్పపువ్వు ఏరుకొని, తునికాకు కోసుకొని, ఇంత జొన్న వేసుకొని బతికే ఇల్లు. ఒక చేను నుంచి ఇంకో చేనుకు కేక వేసి మాట్లాడుకునే మనుషులు వాళ్ళు. అట్లాంటి గొంతు తెచ్చుకొని ఒక్క అర్ర, అంటే ఒకే గది ఉన్న నా ఇంట్లో పెట్టి మూత వేసింది. గిన్నెలు గుడ్డ మీద పెట్టేది. బిందె కింద చుట్టకుదురు. తలుపు గడియకు నూనె. ఆమె పోయి కొన్నేళ్లయింది, ఇప్పటికీ నాకు ఆమె గొంతు కంటే ఆమె నిశ్శబ్దమే ఎక్కువ గుర్తుకొస్తుంది.

బిడ్డ పుట్టినాక కాపలా ఇంకా గట్టిదైంది. పసిది ఏడిస్తే చంకనెత్తుకొని వాన అనకుండా ఎండ అనకుండా బాయి గుట్ట దాకా నడిచి ఏడుపు ఆగినాకనే తిరిగొచ్చేది. పిల్ల కాళ్ళకు వెండి పట్టీలు మా అత్త పెడితే, వాటి మువ్వలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి పట్టీలు మాత్రం తొడిగింది. గిలక ఇవ్వలేదు, పాతచీర ముక్కలతో కుట్టిన బొమ్మ ఇచ్చింది. పిల్ల నడక నేర్చింది మునివేళ్ళ మీద. మాటలు నేర్చింది గుసగుసగా. అన్నం కావాలన్నా, ఆకలి లేదన్నా, కాకి వచ్చిందన్నా, తల్లి చెవి దగ్గరికి పోయి గాలిలాగా చెప్పేది. అది తప్పని మాకు తెలియలేదు, పైగా దాన్ని చూసి మురిసిపోయాం. కాలనీ ఆడవాళ్ళు తమ పిల్లలకు మా బిడ్డను చూపించి గట్ల ఉండాలె అని తిట్టేవాళ్ళు. నేను బాయిలో అన్నం డబ్బా విప్పినప్పుడల్లా, నా బిడ్డ నడిస్తే చీమకు కూడా తెలియదని చెప్పుకునేవాణ్ణి. ఒకసారి భద్రాచలం తీసుకుపోతే, గుడిలో అంత గుంపులో పిల్ల నా చెవిలో గుసగుసగా మాట్లాడటం చూసి వరుసలో ఉన్న ఒక పెద్దావిడ ఎంత భక్తి అని దండం పెట్టింది. నేను కూడా మీసం మీద చెయ్యి వేసుకున్నాను.

బడికి పంపే ఈడు వచ్చినాక మురిపెం దిగిపోయింది. బాలవాడి పంతులమ్మ కబురు పెట్టింది, మీ పిల్లకు మాట రాదు, చూపించుకోండి అని. మాట రాకపోవడమేంది, ఇంట్లో మాట్లాడుతుంది కదా అని పోయి చూస్తే, పేరు అడిగితే పెదాలు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. మిగతా పిల్లలు చుట్టూ చేరి దాన్ని సైగల పిల్ల అని పిలుస్తున్నారు. దవాఖానాలో డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, అంతా మంచిగానే ఉంది, గట్టిగా మాట్లాడమనండి అన్నాడు. నేను పొద్దటి షిఫ్టులో ఉన్న వారం, ఇంట్లో నిద్రపోయే మనిషి లేని వేళ, మా ఇంటామె తలుపులన్నీ తీసి, అరువు బిడ్డా, నీ ఇష్టం వచ్చినంత అరువు అని బతిమాలేదట. పిల్ల మంచం వైపు చూసేదట. మంచం ఖాళీ. అయినా చూసేదట.

ఇక తేలు సంగతి. ఇంతవరకు చెప్పిన దాంట్లో ఏమన్నా పెంచి ఉంటే ఉండొచ్చు గానీ ఇక్కడ మాత్రం ఒక్క మాట కలపడం లేదు.

ఎండాకాలం, నేను రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాను. మా ఇంటామె నీళ్ళకు పోయింది. ఆ రోజుల్లో కాలనీ నల్లా దగ్గర వరుస అంటే సగం పూట. ఇంట్లో పిల్లా నేను. గుమ్మానికి తడి గోనెపట్టా. ఎర్రతేలుకు తడి, చీకటి ఇష్టం, అది పట్టా మడతలో చేరింది. పిల్ల బయటికి పోదామనుకొని పట్టా పక్కకు జరిపిందో, ఊరికే ఆడుకుందో, పాదం మీద కుట్టింది. నల్లా దగ్గరి నుంచి బిందె నెత్తిన పెట్టుకొని వచ్చిన తల్లికి, గోడ మూల ముడుచుకొని కూర్చొని, ఒళ్ళంతా చెమటలు, కన్నీళ్ళు బొటబొటా కారుతూ, తన రెండు చేతులతో తన నోరు గట్టిగా మూసుకొని ఉన్న బిడ్డ కనబడింది. ఎంతసేపటి నుంచి అట్లా కూర్చున్నదో ఎవరికీ తెలియదు. పాదం అప్పటికే కుండలాగా వాచింది. మా ఇంటామె బిందె వదిలేసి మొత్తుకుంది. అన్నేళ్ళలో పగటి పూట మా ఇంట్లో నుంచి వచ్చిన మొదటి కేక అది, కాలనీ అంతా బయటికొచ్చింది. ఆ కేకకు నేను ఉలిక్కిపడి లేచి, ఏం జరిగిందో తెలుసుకొని, బిడ్డను భుజాన వేసుకొని, కాలికి చెప్పు లేకుండా ఆ ఎండలో బాయి దవాఖానా దాకా ఆగకుండా ఉరికాను.

బిడ్డ కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. వాంతులు. సూది వేశారు, సెలైను పెట్టారు, ఇప్పుడే ఏం చెప్పలేమన్నారు. ఆ పూటంతా మేము దాని రొమ్ము పైకి లేస్తున్నదా లేదా అని చూస్తూ కూర్చున్నాం. అంత నొప్పిలో కూడా పిల్ల నోరు తెరిచి ఏడవలేదు. పెదవి కొరుక్కొని నెత్తురు వచ్చింది. కంపౌండరు పెద్దాయన, పిల్లలున్నవాడు, ఏడువు తల్లీ, ఏడిస్తే నొప్పి తగ్గుతది అని తల నిమిరితే, అది ఆయన వైపు కాకుండా నా వైపు చూసింది. నేను వంగితే నా చెవిలో అడిగింది, "నాయినా, నువ్వు పండుకోవా?"

బతికింది. దేవుడు చల్లగా చూశాడు. కానీ ఆ మాట నా చెవిలో నుంచి పోలేదు, ఇప్పటికీ పోలేదు.

రాత్రి షిఫ్టు నుంచి ఎట్లాగైనా బయటపడాలని నిశ్చయించుకున్నాను. ఈ భాగం నేను కాలనీలో ఎట్లా చెప్పుకునేవాణ్ణంటే, మేనేజరు టేబుల్ మీద గుద్దితే గ్లాసులో నీళ్ళు ఎగిరిపడ్డాయనీ, ఎప్పుడూ పగలే ఉండే జనరల్ షిఫ్టు ఇస్తావా నా తట్ట నువ్వు మోస్తావా అని అడిగాననీ. నిజానికి నేను మేనేజరు దాకా పోనే లేదు. బయట గుమాస్తా దగ్గరే చేతులు కట్టుకొని నిలబడ్డాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, తలెత్తి నా కళ్ళ వైపు చూసి, "అందరికీ పిల్లలున్నరు, అందరికీ నిద్రలున్నయి. నీకు పగటి పని ఇస్తే నీ రాత్రి పని ఎవనికియ్యాలె, నువ్వే పేరు చెప్పు" అన్నాడు. పేరు చెప్పమంటే నాకు పక్క క్వార్టర్ బావ కళ్ళే కనిపించాయి. ఎవరి పేరూ చెప్పలేక వచ్చేశాను.

అప్పుడు ఒంట్లో బాగులేదని తేలితే బాయి దిగకుండా పైన పగటి పని ఇస్తారని ఎవరో చెప్పారు. నాకు చూపు ఆనడం లేదని దరఖాస్తు పెట్టుకొని, గోడలు తడుముకుంటూ డాక్టరు గదిలోకి పోయాను. ఎదురుగా ఉన్న అక్షరాలు చూపిస్తే గోడ ఎక్కడున్నదని అడిగాను. ఆయన అన్నీ ఓపికగా రాసుకొని, సరే పోయిరా అని, నేను తలుపు దాకా వచ్చినాక, ఏదో గుర్తొచ్చినట్టు, నీ చొక్కా మీద చీమ పాకుతున్నది చూసుకో అన్నాడు. నేను చూసుకొని, చీమ లేదు సార్ అన్నాను. ఇది చెబితే అందరూ నవ్వుతారు, నేనూ నవ్విస్తూనే చెబుతాను. ఆ రోజు మాత్రం దవాఖానా వెనక గోడకు ఆనుకొని చాలాసేపు ఇంటికి పోలేకపోయాను. పని మానేద్దామంటే పోవడానికి భూమి లేదు. పని చేద్దామంటే ఇంట్లో బిడ్డకు గొంతు లేదు. బాయిలో కప్పు కూలి మీద పడితే ఒక పని అయిపోతుందనే ఆలోచన కూడా వచ్చింది. ఆ ఆలోచన వచ్చిన కొన్నాళ్ళు, పైకప్పు బలంగా ఉన్నదో లేదో కర్రతో తట్టి చూసుకోవడం మానేశాను. తోటివాళ్ళు గమనించి నా వంతు కూడా వాళ్ళే తట్టేవాళ్ళు.

తెగించింది మా ఇంటామె. ఒకరోజు నేను సాయంత్రం లేచే సరికి బట్టలు మూటగట్టి కూర్చుంది. ఏందిది అన్నాను. "నీకు నిద్ర గావాలె. దీనికి గొంతు గావాలె. రెండూ ఈ ఒక్క అర్రల దొరకయి" అంది. పిల్లను తన పుట్టింట్లో, అమ్మ దగ్గర దింపి, ఆమె మాత్రం కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు నా దగ్గర, ఇద్దరి మధ్య బస్సుల్లో తిరిగింది. ఆమెకూ షిఫ్టులు మొదలైనట్టే.

మా అత్త చదువుకోలేదు గానీ తేలికైన మనిషి కాదు. జొన్న కంకి పట్టే కాలం, చేలో మంచె కట్టి ఉంది. చిలకల గుంపులు అడివిలో నుంచి వచ్చి పడితే మంచె మీద నిలబడి కేకలేసి తరమాలి. పిల్లను మంచె ఎక్కించి, ఈ చేను నీది, చిలకలు తింటే నీకు రొట్టె లేదు అని చెప్పి కింద కలుపు తీసుకుంటూ కూర్చుందట. పిల్ల మొదట్లో చిలకలకు కూడా గుసగుసగా చెప్పిందట, పొండి అని. అవి పోతాయా. పక్క చేలో కోయోళ్ళ పిల్లలు మంచె మీద నుంచి వాళ్ళ భాషలో కేకలేస్తుంటే చూసి నోరు తెరవడం, మూయడం చేసిందట. రోజూ ఇంతే. అట్లా ఒకరోజు గుంపు వచ్చి పడి కంకులు విరుస్తుంటే, అది గుడ్డపేలిక విసిరి, గొంతు చించుకొని కేక వేసిందట, కలుపు తీసేవాళ్ళందరూ నడుములెత్తి చూసేంత కేక. ఆ రోజు నేను అక్కడే మంచె నీడలో పడుకొని ఉన్నాననీ, ఆ కేకకు లేచి, మొదటిసారి నిద్ర చెడినందుకు ఏడ్చాననీ చాలామందికి చెప్పాను. లేను. బాయిలో, మధ్యాహ్నం షిఫ్టులో ఉన్నాను. పది మంది చెప్పగా విన్నాను, విన్నప్పుడు ఏడ్చిన మాట మాత్రం నిజం.

గొంతు వచ్చింది. నాకు దక్కలేదు. సెలవు రోజు బస్సు దిగి, కాలిబాట పట్టి నేను ఆ ఊరికి పోతే, పొలిమేరలో దాని కేక వినబడేది, తోటి పిల్లలతో కొట్లాడుతూ. వినాలని చింతచెట్టు చాటున ఆగేవాణ్ణి. ఎవరో ఒకరు, మీ నాయిన వచ్చిండు అనేవాళ్ళు. అంతే, కేక ఆగిపోయేది. మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, చెవి దగ్గర గుసగుసగా, మంచిగున్నవా అని అడిగేది. గట్టిగా మాట్లాడు బిడ్డా, నేను నిద్రపోవడం లేదు అనేవాణ్ణి. తల ఊపేది. మాట మాత్రం రాకపోయేది. దాని చదువు అక్కడే, ఈడుకు రావడం అక్కడే. కాలనీలో నా ఇల్లు ఇప్పుడు కాపలా లేకుండానే నిశ్శబ్దంగా ఉండేది. గోనెపట్టా కట్టుకునేవాణ్ణి, పడుకునేవాణ్ణి, నిద్ర పట్టకపోయేది. ఇంత చప్పుడు ఉంటే బాగుండునని, పక్క క్వార్టర్ పిల్లలను పిలిచి నా గుమ్మం ముందు గోళీలాడుకోమని చెప్పాను. వాళ్ళు పట్టాను చూసి, తల అడ్డంగా ఊపి, ఇంకో వీధికి పోయారు.

ఇదంతా గడిచిపోయింది. ఆ బాయి ఎప్పుడో మూసేశారు. నేలకింద దిగే మనుషులు తగ్గారు, నేల పైనే గుట్టలు తవ్వే యంత్రాలు వచ్చాయి, మా క్వార్టర్లలో సగం కూలిపోయి తుమ్మచెట్లు మొలిచాయి. షిఫ్టు మాత్రం పోలేదు. బాయి దాటి ఊరంతా పాకింది. దవాఖానాలో నా మనవరాలు, అపార్టుమెంటు గేటు దగ్గర కునికే వాచ్‌మన్, అన్నం పొట్లాలు మోసే బండి పిల్లలు, ఎవరిని చూసినా కళ్ళు పక్క క్వార్టర్ బావ కళ్ళే. తేడా ఒకటే కనబడుతుంది నాకు. అప్పుడు ఒక మనిషి పడుకుంటే కాలనీ అంతా నోరు కట్టుకునేది, చేపలమ్మే ఆమెకు కూడా తెలిసేది ఎవరు పడుకున్నారో. ఇప్పుడు పక్క ఇంట్లో ఎవరున్నారో తెలియదు, ఎవరు ఏ షిఫ్టులో అరిగిపోతున్నారో తెలియదు, ఉల్లిగడ్డల ఆటో మైకు పెట్టుకొని కిటికీ కిందే అరుస్తుంది. ఆ పద్ధతి మా బిడ్డ గొంతు తినేసింది, అది నాకు తెలుసు. అయినా ఆ ఆటో వచ్చినప్పుడల్లా, గోనెపట్టా చూసి కేక మింగేసిన ఆ చేపలామె గుర్తొస్తుంది. మంచి ఎక్కడ అయిపోయిందో, చెడు ఎక్కడ మొదలైందో ఇంత వయసొచ్చినా నేను తేల్చుకోలేకపోయాను.

రాసింది రాసినట్టు ఇవాళ పొద్దున వంటింట్లో మా బిడ్డకు చదివి వినిపించాను, మెల్లగా, లోపల మనవరాలు పడుకొని ఉంది కదా. మా బిడ్డ ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. వీధి చివర పోయే ఆటోను గడపలో నిలబడి ఒక్క కేకతో ఆపగలదు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇప్పటికీ గొంతు తగ్గుతుంది. అది గోకరకాయ తుంచుకుంటూ చివరి దాకా విన్నది. డాక్టరు చీమ దగ్గర నవ్వింది. వాళ్ళ అమ్మ మాట దగ్గర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎట్లుంది అన్నాను.

"మంచిగనే రాసినవ్ నాయినా. తేలు కాడ మాత్రం తప్పు రాసినవ్."

ఏం తప్పు, అక్కడే ఒక్క మాట కలపలేదు అన్నాను.

"అమ్మ మొత్తుకుంటే లేచిన అని రాసినవ్. అంతకు ముందే లేచి ఉన్నవ్. కుట్టంగనే నీ మంచం కాడికే వచ్చిన నేను. కండ్లు తెరుచుకోని పండుకున్నవ్. నన్ను చూసినవ్."

నాకు గుర్తు లేదన్నాను. రాత్రి షిఫ్టు మనుషులు కళ్ళు తెరుచుకొని కూడా నిద్రపోతారన్నాను, నిద్రలో నాకేం తెలుస్తుందన్నాను. గుర్తు లేదన్నది మాత్రం పెంచి చెప్పిన మాట కాదు.

మా బిడ్డ తుంచిన కాయలు గిన్నెలో చప్పుడు కాకుండా వేసి, నా వైపు చూడకుండానే, వంటింట్లో మామూలు మనుషులతో మాట్లాడే గొంతుతో, తలుపు అవతల పడుకున్న పిల్ల లేస్తుందేమో అన్న బెదురు లేకుండా చెప్పింది.

"మూతి మీద యేలు వెట్టినవ్ నాయినా. నిద్రల ఉన్నోళ్ళు మూతి మీద యేలు వెట్టరు. గా సంగతి రాయి."